630 మీటర్ల ట్రాన్స్‌వర్టర్ కిట్: ఆరు నెలల తర్వాత

టెక్సాస్‌లో ఉంటాం, పొడవాటి యాంటెన్నాకు సరిపోయే పెరడు ఉంది కదా అని, మామూలు హామ్ రేడియో సిగ్నల్‌ను 630 మీటర్ల తరంగాల బ్యాండ్‌కు మార్చే ఈ కిట్ కొన్నాను. కంపెనీ పేరు రాయను, తిట్టేది కూడా ఉంది మరి.

అమెరికాలో ఈ బ్యాండ్ హామ్‌లకు, అంటే సరదాకి రేడియో నడిపే లైసెన్సుదారులకు, 2017లోనే తెరిచారు, కరెంటు లైన్ల సంగతి చూసే యూటీసీకి ముందు తెలియజేయాలి. మొత్తం 472 నుంచి 479 కిలోహెర్ట్జ్, అంటే ఏడే ఏడు. గొంతుతో మాట్లాడితే రెండు సంభాషణలకే నిండిపోతుంది, అందుకే మోర్సు, డిజిటలే ఎక్కువ. విస్పర్ అని, బలహీనమైన సిగ్నళ్లు ఎంత దూరం చేరతాయో చూసే డిజిటల్ పద్ధతి ఉంది, దాంట్లో అయితే 200 హెర్ట్జ్ సందులో అందరం సర్దుకుంటాం, ఒక్కో సిగ్నల్ ఆరు హెర్ట్జే, రెండు నిమిషాల సేపు.

అలాంటి చోట ఈ పెట్టె వేడెక్కేకొద్దీ దాని ఫ్రీక్వెన్సీ మెల్లగా జరిగి పక్కవాళ్ల మీద పడేది. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి ఆ ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్ నేనే మార్చాను, ఇప్పుడు కదలదు. మాన్యువల్ దండగ, రెండు కెపాసిటర్ల విలువలు తారుమారుగా ఉన్నాయి. సిగ్నల్ బలం పెంచే పవర్ స్టేజి మాత్రం గట్టిది, యాంటెన్నా తడిసి ట్యూనింగ్ పోయినా కాలిపోలేదు.

వేసవిలో కొనకండి, పిడుగుల గరగర తప్ప ఏమీ వినపడదు.