తొమ్మిదేళ్లు మూలపడ్డ ఆయిలింజను లేపారు - తెనాలి డీజిల్ షెడ్డు గురించి

నాన్న కొన్న కిర్లోస్కర్ ఏవీ1, ఐదు హెచ్‌పీ సింగిల్ సిలిండర్, కరెంటు మోటారు వచ్చాక కొట్టంలో పట్టా కప్పి పడేశాం. ఈసారి కాలవ చివర్లో ఉన్న మా చేలోకి నీళ్లెక్కక దాన్నే బయటికి తీయాల్సొచ్చింది. ముందు ఒకతను వచ్చీ రాగానే ఎయిర్ క్లీనర్లో పెట్రోలు పోసి హ్యాండిల్ కొడదాం అన్నాడు, భయమేసి పంపేశా. అలా ఎవరు చెప్పినా చేయకండి, ఇంజనూ పోద్ది చేతులూ పోతాయి.

ఈ షెడ్డు మేస్త్రి గారు వచ్చి అసలు హ్యాండిలే ముట్టుకోలేదు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి ఆ బెజ్జంలోంచి కాస్త ఇంజనాయిలు పోసి "రేపొస్తా బాబూ, ఈలోపు ఎవర్నీ తిప్పనీకు" అని వెళ్లిపోయారు. నారు ఎండిపోతుంటే ఈయనేంటి అని నాకు కోపమొచ్చింది గానీ, పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్ లోపలి గొట్టానికి, అంటే లైనర్‌కి పట్టేసి ఉంటే బలంగా లాగినప్పుడు విరుగుతాయంట. మర్నాడు సిలిండర్లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఫ్లైవీల్ ముందుకీ వెనక్కీ అంగుళం అంగుళం కదిపారు, వదిలింది. అడుగున ఆయిలుండే సంప్ నట్టు తీస్తే ముందు నీళ్లు, తర్వాత నల్లటి ఆయిలు. ట్యాంకులో డీజిల్ జిగురైపోయింది. సైలెన్సర్లో కుమ్మరి పురుగు గూడు. నాజిల్ టెస్టర్ మీద పెడితే పొగమంచులా కొట్టాల్సింది బొట్లు బొట్లుగా కారింది, కొత్తది వేశారు.

నాకు బాగా నచ్చింది డీజిల్ పంపు ర్యాక్, అంటే ఇంజనుకి ఎంత డీజిల్ వెళ్లాలో మార్చే కడ్డీ, చూడటం. అది జామ్ అయ్యి ఉంది, ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కుంటే స్టార్టయ్యాక స్పీడు అదుపు చేసే గవర్నర్ కూడా ఏం చేయలేదు, స్పీడు పెరుగుతూనే ఉంటది. దాన్ని డీజిల్‌తో కడిగి వేలితో ఫ్రీగా ఆడేదాకా వదల్లేదు, అయినా స్టార్ట్ చేసేటప్పుడు స్పీడు అదుపు తప్పితే గాలి దారి మూసి ఆపడానికి చెక్కముక్క పక్కనే పెట్టుకున్నారు.

నీళ్ల పైపు తగిలించి, డీజిల్ ఫిల్టర్ దగ్గరా డీజిల్ పంపు దగ్గరా లైన్లో గాలి తీసి, మూడోసారి హ్యాండిల్‌కి పట్టుకుంది. తెల్ల పొగ కాసేపు, తర్వాత డబడబడబ మని అదే పాత సౌండు, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, నాన్న లేరు కదా, కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మొత్తం 4,300 అయింది, అందులో కూలి 1,800. బిల్లు ఇవ్వలేదు, అది నచ్చలేదు. ఫోన్ కూడా ఎత్తరు, పొద్దున 8 లోపు షెడ్డుకి వెళ్తేనే దొరుకుతారు, పాత నాజిల్ విప్పి పట్టుకెళ్తే ఒక తిరుగుడు తగ్గుద్ది.