మక్కా మసీదు: దెగ్లూర్, ధర్మాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు

మన నాందేడ్ జిల్లా వైపు నుంచి హైదరాబాద్ పోయినవాళ్లు చాలామంది చార్మినార్ ముందు ఫొటో దిగి, లాడ్ బజార్‌లో గాజులు కొని వెనక్కి తిరుగుతారు. నైరుతి వైపు రెండు నిమిషాలు నడిస్తే మక్కా మసీదు. పాతబస్తీలో ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడాలి. టికెట్ లేదు.

పొద్దున్నే వెళ్లండి. ఖిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు, పడమర కాబట్టి మసీదు ముఖం తూర్పుకు ఉంటుంది, ఎండ నేరుగా తోరణాల మీద పడుతుంది. మధ్యాహ్నం దాటితే ముందు భాగమంతా నీడే, ఫొటోలు నల్లగా వస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు, రంజాన్ చివరి శుక్రవారమైతే ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజుల్లో చూడ్డానికని పోవద్దు.

గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు, పెద్ద లగేజీ తేవద్దు. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు పనికిరావు. ఆడవాళ్లు తలమీదికి చున్నీయో కొంగో పెట్టుకోవాలి. ప్రార్థన మందిరంలోకి ఆడవాళ్లను మామూలుగా వదలరు, ముంగిట నుంచి చూడాలి. నమాజు చేసేవాళ్ల ముందు నుంచి నడవకూడదు. హౌజు (నీటి తొట్టి) నీళ్లు వజూ కోసం, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోడానికి, పిల్లల్ని అందులో ఆడనివ్వద్దు.

బిలోలిలో సర్ఫరాజ్ ఖాన్ రాతి మసీదు చూసినవాళ్లకు రాతిపని కొత్త కాదు, ఇక్కడ ఆశ్చర్యపరిచేది కొలత. మందిరం ఎత్తు సుమారు 75 అడుగులు, వెడల్పు 220, లోతు 180. ఖిబ్లా వైపు గోడలో ఉండే గూడు, మిహ్రాబు, రాయి ఒకటే బండ. దాన్ని గనిలోంచి తీయడానికి 500, 600 మందికి 5 ఏళ్లు పట్టిందనీ, లాగడానికి 1,400 ఎద్దులు కావాల్సి వచ్చాయనీ ఆ కాలంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ రాశాడు. ఆ లెక్క తెలుసుకుని చూస్తే ఆ గోడ ముందు కాసేపు నిలబడకుండా కదల్లేం.

గోల్కొండ సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన ఈ కట్టడాన్ని, గోల్కొండ పడిపోయాక 1694లో ఔరంగజేబు ముగించాడు. ఆయన సమాధి మన మరాఠ్వాడాలోనే, ఖుల్దాబాద్‌లో ఉంది. మొదటి నిజాం సమాధీ అక్కడే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 2023లో పోయిన, ఏడో నిజాం మనవడు ముకర్రం జా సమాధులు ఈ మసీదు ఆవరణలో ఉన్నాయి. ప్రవేశించగానే పక్కనున్న ఆ సమాధుల వరుసను చాలామంది గమనించకుండానే లోపలికి పోతారు, వదలొద్దు.

దెగ్లూర్ నుంచైతే సంగారెడ్డి మీదుగా బస్సు, ధర్మాబాద్ నుంచి సికింద్రాబాద్ రైలు. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ రెండు మూడు కిలోమీటర్లే. సొంత కారైతే ఆ సందుల్లోకి తీసుకెళ్లకుండా దూరంగా ఆపి ఆటో ఎక్కండి. ఏప్రిల్, మే నెలల్లో ముంగిట బండలు పదింటికే కాలుతాయి, చెప్పులు విప్పాలి కాబట్టి సాక్సులు దగ్గరుంచుకోండి.