చెట్ల తరలింపు సేవ: రావికి పనికొచ్చింది, వేపకు రాలేదు

రోడ్డు విస్తరణకో, వరద కాల్వకో అడ్డం వచ్చిన పెద్ద చెట్లను నరికివేయకుండా వేళ్ళతో సహా పెకలించి, వేరొకచోట నాటిపెట్టే సంస్థలు ఇప్పుడు మన నగరాల్లో అందుబాటులోకి వచ్చాయి. నగర శివార్లలోని మా కాలనీ సంక్షేమ సంఘం అటువంటి సంస్థ ఒకదానికి డబ్బు చెల్లించి మూడు చెట్లను తరలించుకున్నది. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాసే లోపాల్లో చాలా భాగం ఆ ఒక్క సంస్థవి కావు, ఈ సేవను అమ్ముతున్న తీరులోనే ఉన్నవి. తీర్పు ముందే చెప్పుకుంటే, చెట్టును పెకలించి మోసి నాటిన పనికి ఐదుకు నాలుగు మార్కులు వేయవచ్చు, ఆ తరవాతి సంరక్షణకు ఒకటికి మించి వేయలేను.

వరద కాల్వను వెడల్పు చేస్తామంటూ సిబ్బంది వచ్చి మా ప్రధాన వీధిలోని చెట్ల మొదళ్ళకు ఎర్ర రంగుతో నంబర్లు వేసి వెళ్ళిన తరవాతే మాకు విషయం తెలిసింది. కాల్వ నక్షా నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాము. చెట్టును కొట్టాలన్నా, కదిలించాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం తీసుకోవలసిన అనుమతి తీసుకున్నారా అని అడిగాము. మొదటి సమావేశంలోనే అధికారుల నుంచి వచ్చిన జవాబు ఈ తరలింపు సేవ. చెట్టు చావదు, చోటు మారుతుందంతే అనేసరికి, అప్పటిదాకా సంతకాలు సేకరించిన వారిలో సగం మంది ఇక గొడవెందుకని ఇంటిదారి పట్టారు. ఈ సేవ అసలు కొనుగోలుదారులు చెట్లను ప్రేమించేవారు కాదనీ, వారి అభ్యంతరాన్ని త్వరగా ముగించాలనుకునేవారనీ నాకు ఆ రోజే అనుమానం కలిగింది. మిగిలినవాళ్ళం పట్టు వదలకుండా, విశ్రాంత ఇంజనీరు ఒకరిని వెంటబెట్టుకుని టేపుతో వీధంతా కొలిచి, కాల్వను చాలా మేరకు అవతలి వైపుకు జరపవచ్చునని నక్షా మీదే చూపించగలిగాము. ఎక్కువ చెట్లు దక్కాయి. కల్వర్టు మొగలో ఉన్న రావి, వేప, కానుగ మాత్రం ఏ విధంగానూ నిలిచే వీలు లేకపోవడంతో ఆ మూడింటికే ఈ సేవ కొన్నాము. చందాలతో పోగైన సొమ్ములో పెద్ద భాగం రావిచెట్టు క్రేనుకే పోయింది.

పని చూసి ముచ్చటపడ్డామన్నది నిజం. కొమ్మలను పెద్ద పంగల దాకా కోసి, కోసిన ప్రతి మొహానికీ శిలీంధ్రనాశని ముద్ద పూశారు. మాను మీద ఉత్తర దిక్కుకు సున్నంతో గుర్తు పెట్టారు. కొత్తచోట కూడా అదే ముఖం ఉత్తరానికి ఉండకపోతే, ఎండ ఎరగని వైపు బెరడు కాలిపోతుందని సూపర్‌వైజరు చెప్పాడు. మొదలు చుట్టూ జేసీబీతో కందకం తవ్వినా, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి యంత్రాన్ని పక్కకు పెట్టి రంపంతో నున్నగా కోశారు. చింపిన వేరు కుళ్ళుతుంది, కోసిన వేరు చిగురిస్తుంది. ఆ తేడా తెలిసినవాళ్ళు వాళ్ళు. మట్టిముద్దను తడి గోనెపట్టాలతో చుట్టి, వేళ్ళు పుట్టించే హార్మోను కలిపిన నీళ్ళు పోసి, పట్టీలు మానుకు కాకుండా ముద్ద కింద నుంచి వేసి ఎత్తారు. చెరువుకట్ట పక్కన ముందుగానే తవ్విన గోతిలో దించాక, లోతుకు నీరు అందేలా నాలుగు పక్కలా పీవీసీ గొట్టాలు నిలబెట్టారు. మోకాటి లోతు బురదలో నిలబడి మట్టి తొక్కిన కూలీల శ్రద్ధ చూస్తే, బిల్లు గురించి ఎవరికీ సణగాలనిపించలేదు.

జరగవలసినది ఒకటి జరగలేదు. చెట్టుకు నీటినీ పోషకాలనూ పీల్చి ఇచ్చే సన్నవేళ్ళు మొదలు దగ్గర కాక, కొమ్మల నీడ అంచున, దానికి అవతల, పైపొరలోనే ఎక్కువగా ఉంటాయి. కందకం తవ్వి ముద్దగా ఎత్తినప్పుడు వాటిలో అధిక భాగం పాత వీధిలోనే ఉండిపోతుంది. అందుకే నెలల ముందు నుంచే ఒక్కొక్క పక్కన వేళ్ళు కత్తిరిస్తూ, ముద్ద లోపలే కొత్త సన్నవేళ్ళు పుట్టేందుకు గడువివ్వాలి. కాల్వ కాంట్రాక్టరు తొందర మీద ఉన్నాడని ఈ దశను పూర్తిగా ఎత్తేసి, వేళ్ళు కోయడం, మోయడం ఒకే వారంలో ముగించారు. వానలు మొదలయ్యే వేళ చేయవలసిన పనిని ఎండలు ముదిరే ముందు చేయడానికీ అదే కారణం.

ఫలితం చెట్టు జాతిని బట్టి వచ్చింది. రావి బతికింది. మర్రి, రావి, జువ్వి వంటివి కొమ్మ నరికి పాతినా వేరు పట్టగల జాతులు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు; మోడు నిండా తొలి వానలకే రాగిరంగు చిగురు వచ్చింది. వేప మాత్రం మొదట పచ్చగా చిగిర్చి అందరినీ మురిపించి, మానులో దాచుకున్న సత్తువ అయిపోగానే ఎండిపోయింది. గోటితో బెరడు గీరితే లోపల పచ్చదనం కనిపిస్తున్నంత కాలం ఆశ పెట్టుకోవచ్చునంటారు. వానాకాలం మధ్యకు వచ్చేసరికి ఎక్కడ గీరినా గోధుమరంగు పొడే రాలింది. కానుగ ఒక పక్క కొమ్మలతో నిలిచి ఉంది, ఇంకా ఏమీ చెప్పలేము. ఇచ్చిన కరపత్రంలో మాత్రం అన్ని చెట్లకూ ఒకే హామీ రాసి ఉంది. పెద్ద వేపను ఇంత హడావిడిగా కదిలిస్తే దక్కే అవకాశం తక్కువని ముందే చెప్పి ఉంటే, ఆ డబ్బుతో వీధిలో మిగిలిన చెట్ల మొదళ్ళ చుట్టూ పోసిన సిమెంటును పగలగొట్టించేవాళ్ళం.

మా మూడు చెట్లను చూసి సేవ మొత్తాన్ని తూచడం సరికాదని అనేవారికి ఢిల్లీ లెక్క ఉంది. అక్కడి ప్రభుత్వం 2020లో తెచ్చిన విధానం ప్రకారం, పనులకు అడ్డొచ్చే చెట్లలో కనీసం 80 శాతాన్ని తరలించాలి, ఏడాది తరవాత వాటిలో 80 శాతం బతికి ఉండాలి. అదే ప్రభుత్వం 2022లో హైకోర్టుకు సమర్పించిన వివరాల్లో, మూడేళ్ళలో తరలించిన 16,461 చెట్లలో మూడో వంతు మాత్రమే నిలిచాయని ఉంది. విధానంలో రాసుకున్న శాతానికీ నేల మీది శాతానికీ మధ్య పడిన ఈ గండిని తవ్వింది ఎక్కువగా సంరక్షణ లోపమేనని మా అనుభవం చెబుతోంది. మొదటి నెలలో ట్యాంకరు క్రమంగా వచ్చింది, తరవాత ఫోను చేస్తేనే వచ్చింది, ఆపైన ఫోను ఎత్తేవారే మారిపోయారు. రావి మానుకు కట్టిన నైలాను తాడును విప్పేవారు లేక, అది బెరడులోకి దిగబడుతుంటే మా వాచ్‌మనే కొడవలితో కోసేశాడు. బిల్లులో తొంభై పాళ్ళు క్రేను, ట్రైలరు రోజున చెల్లించేసేలా ఒప్పందం రాసుకుంటే, రెండో వేసవిలో నీళ్ళు పోయవలసిన అవసరం సంస్థకు ఏముంటుంది?

ఈ సేవను వద్దనడం లేదు. హైదరాబాదు నుంచి బీజాపూరుకు పోయే రహదారిలో, మొయినాబాదు, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా, రోడ్డు విస్తరణకు అడ్డొచ్చిన దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల సంగతే చూడండి. అవి తరలింపునకు ఇతర జాతుల కంటే బాగా తట్టుకునేవే అయినా, వాటికోసం నిలబడినవారు తరలింపు మాటకు వెంటనే తల ఊపకుండా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడిన తరవాత, రోడ్డు నమూనాయే మారి, కదిలించవలసిన చెట్ల సంఖ్య బాగా తగ్గింది. అలా నమూనా మార్చే దారులన్నీ అయిపోయాక మిగిలిన కొద్ది చెట్లకు, అదీ మర్రి, రావి జాతివైతే, నేను ఈ సేవనే సిఫారసు చేస్తాను. ఒప్పందంలో మాత్రం వేళ్ళ ముందస్తు కత్తిరింపునకు గడువు, రెండు వేసవుల నీటి బాధ్యత, జాతివారీగా బతికే అవకాశం రాయించుకుని, సగం సొమ్మును రెండో ఏడాది చిగురు చూశాకే ఇవ్వండి.

బిల్లులో మేము ఆపగలిగింది చివరి విడత మాత్రమే. చచ్చిన వేపకు బదులు రెండు మొక్కలు ఉచితంగా నాటి లెక్క ముగిస్తామని సంస్థ అంటోంది. మొక్కలు మేమే కొనుక్కుంటాము, కానుగకు వచ్చే ఎండాకాలం పూర్తయ్యేదాకా వారానికి ఒక ట్యాంకరు పంపుతామని కాగితం మీద రాసివ్వమని మా సంఘం అడుగుతోంది.