చిన్న ట్రైలర్‌కు అంత ధరా: ఎయిర్‌స్ట్రీమ్ బాంబీ మేలా, ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ మేలా?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళలో నేషనల్ పార్కులు తిరిగే అలవాటు పెరిగినకొద్దీ, కారు వెనుక కట్టి లాక్కెళ్ళే ఇల్లులాంటి ట్రైలర్ల గురించి, అందులోనూ ఖరీదైన అల్యూమినియం రకం గురించి, “ఎయిర్‌స్ట్రీమ్‌కు అంత డబ్బు పెట్టవచ్చా?” అన్న ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతోంది. అడిగేవారిలో చాలామంది ఇప్పటికే ట్రైలర్‌ను అద్దెకు తీసుకొని తిరిగి చూసినవారే కనుక, నీళ్ళ ట్యాంకులు, క్యాంపు స్థలంలో కరెంటూ నీళ్ళూ కలుపుకునే హుకప్పుల వంటి ప్రాథమిక విషయాల జోలికి పోకుండా నేరుగా అసలు సంగతికి వస్తాను. ఎయిర్‌స్ట్రీమ్‌లో చిన్న మోడలైన 16 అడుగుల బాంబీ కొత్తదైతే 50 వేల డాలర్లు దాటుతుంది. ఇంచుమించు అంతే పొడవుండే స్కాంప్, కసీటా వంటి ఫైబర్‌గ్లాస్ (గాజునార కలిపిన ప్లాస్టిక్) ట్రైలర్లు అందులో సగం ధరకు కాస్త అటూఇటూగా వస్తాయి. చెక్క ఫ్రేముపై రేకు బిగించిన మామూలు చిన్న ట్రైలర్లు 20 వేల లోపే దొరుకుతాయి.

లోపలి సామగ్రిని చూపించి ఈ ధరను సమర్థించడం నాకు సమ్మతం కాదు. ఫ్రిజ్, ఏసీ, నీళ్ళ పంపు, హీటర్ వంటివాటిని సాధారణంగా ట్రైలర్ కంపెనీలు తయారుచేయవు. డొమెటిక్ వంటి కొద్దిపాటి సంస్థలే ఖరీదైనవాటికీ చవకవాటికీ సరఫరా చేస్తాయి. బాంబీలో అల్మరాల పనితనం, కిటికీల వెలుతురు మెరుగ్గా ఉంటాయన్నది నిజమే కానీ, మనం అదనంగా చెల్లించే డబ్బులో పెద్ద భాగం పైపెంకుకే పోతుంది. కాబట్టి ఆ పెంకు వాన నీటిని ఎంతకాలం ఆపగలదన్నదే నా దృష్టిలో తేల్చుకోవలసిన విషయం.

మామూలు ట్రైలర్‌లో పైకప్పు రబ్బరు షీటు గోడను కలిసే అంచు వెంట, గాలి పోయే కన్నం (వెంటు) చుట్టూ, మూలల పట్టీల స్క్రూల మీద నీరు దిగకుండా సీలెంట్ పూసి ఉంటుంది. ఎండకు అది ఎండి, దారి కుదుపులకు వెంట్రుకవాసి పగులు తీసినా చాలు, నీరు లోపలి చెక్కలోకి దిగుతుంది. మూల దగ్గర గోడను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతున్నదంటే, అప్పటికే ఫ్రేము కుళ్ళిపోయిందన్నమాట. ఏటా కొన్నిసార్లు నిచ్చెన వేసుకొని పైకెక్కి ప్రతి అతుకునూ చూసుకునే ఓపిక ఉన్నవారికి మాత్రమే ఈ రకం చవక.

1930ల నుంచి వస్తున్న ఎయిర్‌స్ట్రీమ్ పద్ధతి వేరు. ఒహాయోలోని జాక్సన్ సెంటర్‌లో వంచిన అల్యూమినియం రేకులను రివెట్లతో (రెండువైపులా బిగిసే లోహపు మేకులతో) కలిపి పెంకును కడతారు; గోడల్లో కుళ్ళే చెక్క ఉండదు. దశాబ్దాల నాటి బండ్లు నేటికీ రోడ్ల మీద కనిపించడానికి అదొక కారణం. అయితే ప్రతి రేకు అంచూ ఒక అతుకే కదా! పాత బండ్లలో వెనుక భాగపు ప్లైవుడ్ నేల నీటికి నాని పాడవడం, కొన్నవారందరికీ తెలిసిన వ్యవహారమే. సముద్రతీరపు ఉప్పుగాలికి రేకుల అంచుల దగ్గర, పైపూత కింద, పురుగు పాకినట్టు సన్నని తెల్ల చారలు వస్తాయి. అన్నిటికంటే పెద్ద బెడద వడగళ్ళు. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల్లో ఉండే మనవాళ్ళకు వాటి సంగతి చెప్పనక్కరలేదు. వడగళ్ళకు పడిన సొట్టను కారు సొట్టలా లోపలి నుంచి తేలిగ్గా సరిచేయడం కుదరదు; బాగా సొట్టపడిన రేకును మార్చాలంటే రివెట్లు తొలిచి, రేకు తీసి, కొత్తది బిగించవలసిందే.

ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌ను పైభాగం, కిందిభాగం అని రెండు కొబ్బరి చిప్పల్లా అచ్చు పోసి నడుము దగ్గర కలుపుతారు. పైకప్పు మీద అతుకే ఉండదు. నీరు రావాలంటే కిటికీలు, వెంటు, తలుపు, రివెట్ల దారినే రావాలి. స్కాంప్‌లో రివెట్ల మీది ప్లాస్టిక్ టోపీలు ఎండి ఊడిపోతే చుక్క చుక్కగా కారుతుంది, కానీ వాటిని ఇంటి దగ్గరే స్వల్ప ఖర్చుతో మార్చుకోవచ్చు. బాంబీ ధరలో దాదాపు సగానికే, అంతకంటే తక్కువ అతుకులున్న పెంకు దొరుకుతున్నప్పుడు నేను దీనివైపే మొగ్గుతాను. ఒప్పుకోవలసిన లోపాలూ ఉన్నాయి: ఆరడుగుల మనిషికి తల పైకప్పుకు తగిలేంత దగ్గరవుతుంది, పడక ఇరుకు, పైగా స్కాంప్‌ను మిన్నెసోటాలోని ఫ్యాక్టరీయే నేరుగా అమ్ముతుంది కనుక ఊరూరా డీలర్లుండరు.

“అమ్మేటప్పుడు ఎయిర్‌స్ట్రీమ్‌కు మంచి ధర పలుకుతుంది” అన్న వాదన నిజమే, కానీ మంచి ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లకూ గిరాకీ తగ్గదు. రెండూ మూడో వంతు విలువ కోల్పోయాయనుకుంటే, 60 వేల బండి మీద పోయేది 20 వేలు, 30 వేల బండి మీద పోయేది 10 వేలు.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. 16 అడుగుల బాంబీ సామానుతో కలిపి 3,500 పౌండ్లు మించకూడదు. మనవాళ్ళు వాడే టొయోటా సియెన్నా మినీవ్యాన్ లాగగలిగే గరిష్ఠ బరువూ అంతే. ఖాళీ బండే దాదాపు 3,000 పౌండ్లు తూగుతుంది కనుక, 20 గ్యాలన్ల నీళ్ళకు 166 పౌండ్లు తీసేస్తే బియ్యానికీ, కుక్కర్‌కూ, పరుపులకూ మిగిలేది కొద్దిగానే. ఏది కొన్నా తాలింపు మాత్రం బయట స్టవ్ మీదే పెట్టుకోవాలి. ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మోగడంలో ఖరీదుకూ చవకకూ తేడా లేదు.

లోపల పడక మాత్రమే పట్టే, కన్నీటిబొట్టు ఆకారపు చిన్న టియర్‌డ్రాప్ రకం ఇద్దరికి సరిపోతుంది, పిల్లలుంటే పనికిరాదు. టెనెసీలో తయారయ్యే ఆలివర్ రెండు పొరల ఫైబర్‌గ్లాస్‌తో దృఢంగా ఉంటుంది, కానీ ధర ఎయిర్‌స్ట్రీమ్ సరసకే చేరుతుంది. ఏడాదికి రెండు వారాలకు మించి తిరగనివారికి అద్దె చాలు.

ఇంత చెప్పినా బాంబీయే కావాలనుకునేవారు, టెక్సస్‌లో ఉంటే గనుక, స్టోరేజీ ఖర్చును కూడా ధరలో కలుపుకోవాలి. చాలా హెచ్‌ఓఏలు (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘాలు) ఇంటి ముందరి డ్రైవ్‌వేలో ట్రైలర్‌ను నిలపనివ్వవు, మామూలు గ్యారేజీలో అది పట్టదు. వడగళ్ళ నుంచి కాపాడాలంటే ఆరుబయటి స్థలం సరిపోదు కనుక, పైకప్పున్న స్టోరేజీకే నెలనెలా అద్దె కట్టవలసి వస్తుంది.