కీచురాళ్ళు ఇంట్లోకి రాకుండా: మందు కొట్టడం మేలా, సందు మూయడం మేలా?

తొలకరి పడి, కాలువలకు నీళ్ళు వదిలి, చేలలో దమ్ములు మొదలయ్యేసరికి కృష్ణా డెల్టా పల్లెల్లోనూ, పొలాలను ఆనుకొని కొత్తగా వెలిసిన కాలనీల్లోనూ ఏటా ఒకే ఇబ్బంది తలెత్తుతుంది. అంతవరకు గట్ల పగుళ్ళలోనూ ఎండుగడ్డి కిందా నేల బొరియల్లోనూ తలదాచుకున్న కీచురాళ్ళు నీరు చేరగానే పైకి వచ్చి, పొడినేలను వెతుక్కుంటూ వెలుతురు కనిపించిన ఇళ్ళవైపు మళ్ళుతాయి. కొందరు ఇలకోడి అని పిలిచే ఈ పురుగుకు విషం లేదు, దోమలాగా రోగాలనూ అంటించదు. దానితో వచ్చే బాధలు రెండే: ఒకటి రాత్రంతా నిద్రపట్టనివ్వని అరుపు, రెండవది బట్టలకు పడే చిల్లులు.

రెండో బాధను చాలామంది చివరిదాకా గుర్తించరు. మా ఇంట్లో నాన్నగారి పంచెలకు గంజి పెట్టి, మడతపెట్టి, బీరువా అడుగు అరలో ఉంచడం అలవాటు. ఒక వర్షాకాలంలో మడత విప్పితే ఒకే వరసలో శనగగింజంత చిల్లులు కనిపించాయి. బట్ట చిరిగితే పోగులు సాగి వేలాడతాయి, ఇక్కడ మాత్రం అంచులు కొరికినట్టు తెగి ఉన్నాయి. గంజి, చెమట, తిండి మరకలు ఉన్న నూలు, పట్టు, ఉన్ని బట్టలంటే కీచురాళ్ళకు ఇష్టం కాబట్టి, విప్పిన బట్టలను మూలన కుప్పగా పడేసే ఇళ్ళలో ఈ నష్టం మరింత ఎక్కువగా ఉంటుంది.

వీటిని ఆపడానికి జనం అనుసరించే దారులు ముఖ్యంగా నాలుగు: మందు కొట్టడం, ఎర పెట్టి పట్టడం, సందులు మూయడం, వాకిట్లో దీపం మార్చడం. నా అభిప్రాయం ముందే చెబుతాను. చివరి రెండూ కలిపి చేస్తే మొదటి రెండింటి అవసరం చాలావరకు ఉండదు. అయినా మనలో ఎక్కువమంది మొదట చేసేది మందు కొట్టడమే కనుక, ముందుగా దాని మంచి చెడ్డలు చూద్దాం.

అంగళ్ళలో దొరికే పురుగుమందుల్లో ఎక్కువగా ఉండే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి తగిలిన కీచురాయిని చంపుతాయి, అందులో సందేహం లేదు. అయితే ఇంట్లోకి ఇప్పటికే వచ్చినదాన్ని చంపడం వేరు, రాకుండా ఆపడం వేరు. ఈ రాత్రి పదింటిని చంపినా, రేపు రాత్రి తలుపు కింద అదే సందులోంచి మరో పది వస్తాయి. పైగా మందు కొట్టేది గోడ మొదట్లో, నేలమీద. పాకే పసిపిల్లలు చేతులు ఆనించేది అక్కడే, పిల్లి పడుకునేదీ అక్కడే. ఈ జాతి మందులు చేపలకూ తేనెటీగలకూ ప్రాణాంతకం కనుక, ఇంట్లో చేపల తొట్టి ఉన్నవారు మరీ జాగ్రత్త పడాలి. ఇంటి బయట గోడ మొదలు పొడుగునా చల్లడం కొంత నయమే కానీ, కీచురాళ్ళు వచ్చేది వానల్లో, ఆ మందును కడిగేసేదీ ఆ వానే. గుమ్మం దగ్గర చీమల చాక్‌పీసుతో గీతలు గీసే అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది చూడటానికి బడిలో వాడే సుద్దముక్కలాగే ఉంటుంది, పసివాళ్ళకు ఆ తేడా తెలియదు. పిల్లలున్న ఇంట్లో దాన్ని వాడకపోవడమే మంచిది. బోరిక్ పొడి వంటివి గచ్చు పొడిగా ఉన్నప్పుడు పనిచేస్తాయి కానీ, గోడలు చెమర్చే రోజుల్లో తడికి ముద్దకట్టి వృథా అవుతాయి. వేపాకు పొగ ప్రభావం, నేను చూసినంతలో, పొగ ఉన్నంతసేపే.

ఎర పెట్టడం ఇంతకంటే సాత్వికమైన పద్ధతి. అంచులు నున్నగా ఉన్న లోతైన గిన్నెలో బెల్లం కలిపిన నీళ్ళు పోసి గోడ మూలన పెడితే, వాసనకు వచ్చిన కీచురాయి అందులోకి దూకి బయటపడలేదు. జిగురు అట్టలు కూడా దొరుకుతాయి కానీ వాటిని నేను మెచ్చను. కీచురాళ్ళను తిని మనకు మేలు చేసే బల్లి కూడా వాటికి అంటుకొని, తోక కొట్టుకుంటూ గంటల తరబడి చావలేక బతుకుతుంది. లోపల చేరినవి ఒకటి రెండే అయితే బెల్లం గిన్నె చాలు.

అరుపు ఆగిపోతే చాలు, పురుగు పోయిందని అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అరిచేది మగ కీచురాయి మాత్రమే. ముందు రెక్కల్లో ఒకదాని అడుగున రంపపు పళ్ళలాంటి వరస ఉంటుంది, దానిమీద రెండో రెక్క అంచు రాపిడి పడినప్పుడు ఆ శబ్దం పుడుతుంది. ఆడది అరవదు కానీ బట్టలు కొరుకుతుంది. మగది కూడా అడుగుల అదురుకు వెంటనే మౌనం వహిస్తుంది. అందువల్ల ఏ పద్ధతి పనిచేసిందో తేల్చుకోవడానికి చెవిని నమ్ముకోకుండా, తెల్లవారుజామున గచ్చు మీద, బియ్యం డబ్బా వెనక, గ్యాస్ బండ కింద వెతకడం మంచిది.

ఇక సందులు మూయడం. పాత ఇళ్ళలో ప్రతి తలుపుకూ గడప ఉండేది, తలుపు రెక్క దానికి ఆనుకొని మూసుకునేది. పసుపు పూసి బొట్లు పెట్టే ఆ గడప పురుగూ పుట్రా లోపలికి రాకుండా కూడా అడ్డుపడేది. ఇప్పుడు గచ్చు ఒకే మట్టంగా కనబడాలని గడపలు తీసేయడంతో తలుపు కింద వేలు దూరేంత ఖాళీ మిగులుతోంది. కీచురాయి శరీరం వేలెడు పొడవు కూడా ఉండదు, పైగా అణిగి నడుస్తుంది కనుక అరంగుళం సందు దానికి సింహద్వారమే. ఎక్కడ ఖాళీ ఉందో తెలుసుకోవడం చాలా తేలిక. చీకటి పడ్డాక లోపలి దీపాలన్నీ వేసి, బయటి దీపం ఆర్పి, తలుపులు మూసి వాకిట్లో నేలకు వంగి చూడాలి. వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే పురుగుకు అక్కడే దారి. మేము అలా చూసిన రాత్రి వీధి తలుపు కింద ఒక గీత, రెండు రెక్కలు కలిసే చోట మరో గీత, ఏసీ గొట్టం గోడలోకి దూరే చోట రూపాయి బిళ్ళంత వెలుగు కనిపించాయి. తలుపు అడుగున రబ్బరు పట్టీ, రెక్కల మధ్య సన్నని నురగ పట్టీ, గొట్టం చుట్టూ సిమెంటు ముద్ద, ఇవి ఒక్క పూట పని. కిటికీలకు దోమల జాలీ ఉంటే కీచురాళ్ళకు అదే సరిపోతుంది. స్నానాలగది తూమును మాత్రం అందరూ మరిచిపోతారు, దానికి సన్నని జల్లెడమూత తప్పనిసరి.

సందు మూసినా దీపాన్ని పట్టించుకోకపోతే పని సగమే అయినట్టు. గుమ్మం పైన తెల్లని ట్యూబులైటు వెలుగుతుంటే కీచురాళ్ళు దూరం నుంచి ఎగిరి వచ్చి గోడకు తగిలి కింద పడతాయి. అక్కడి నుంచి అవి వెతికేది చీకటి పగులును. తలుపు కింద సందు వాటికి సరిగ్గా అలాగే కనిపిస్తుంది, అంటే వాటిని గుమ్మం దాకా పిలిచింది మనమే. నీలి ఛాయ ఉన్న తెల్లని వెలుగుకు పురుగులు ఎక్కువగానూ, పసుపు వెలుగుకు తక్కువగానూ వస్తాయి. అందుకని 2700 కెల్విన్ అని పెట్టెమీద రాసి ఉండే పసుపు ఎల్‌ఈడీ బల్బును ఎంచుకోవాలి. వీలైతే దాన్ని గుమ్మం మీద కాక గేటు స్తంభానికి బిగిస్తే ఇంకా మంచిది. నాలుగు దారుల్లోనూ ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపించేది ఇదే.

గోడకు ఆనించి పేర్చిన ఇటుకలు, కట్టెలు, పాత గోనెలు ఉంటే వాటిని దూరంగా జరపాలి. ఆడ కీచురాయి తడిమట్టిలో గుడ్లు పెడుతుంది కనుక గుమ్మం పక్కన పూలకుండీలకు నీళ్ళు అవసరానికి మించి పోయకూడదు.

అద్దె ఇంట్లో ఉండేవారికి తలుపుకు మేకులు కొట్టే వీలుండదు, ఇంటివారు ఒప్పుకోకపోవచ్చు. అలాంటివారు పాత దుప్పటి ముక్కలో ఇసుక నింపి, తలుపు వెడల్పంత పొడవుగా కుట్టి, దీపాలు పెట్టే వేళకు గుమ్మానికి అడ్డంగా ఆనిస్తే చాలు. బరువుంటుంది కాబట్టి గాలికి జరగదు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. వానలో తడిసినప్పుడు మాత్రం మర్నాడు ఎండలో వేయాలి, లేకపోతే ఆ తడిలోనే కీచురాళ్ళు చేరతాయి.