హైదరాబాద్‌లో ఒపినెల్ నంబర్ 8: మొదటి మడత చాకుగా కొనొచ్చా?

చాకులంటే ఇష్టం ఉన్నవాళ్ళ మధ్య ఒపినెల్ అనే ఫ్రెంచ్ మడత చాకు పేరు ఎత్తితే చాలు, రెండు వర్గాలు తేలిపోతాయి. మొదటి చాకు అంటే ఇదే, ఇంకో మాట లేదనే వాళ్ళు ఒకవైపు. "అది చెక్క పిడి ఉన్న కూరగాయల చాకు, దానికింత హడావుడి ఎందుకు" అనేవాళ్ళు రెండోవైపు. తెరవడానికి రెండు చేతులూ కావాలి, జేబు అంచుకి తగిలించుకునే క్లిప్ లేదు, వానాకాలంలో బిగుసుకుపోతుంది, కార్బన్ స్టీలుదైతే తుప్పు పడుతుంది అని వాళ్ళు చెప్పే నాలుగు మాటలూ నిజమే. అయినా నంబర్ 8ని నేను ఏళ్ళ తరబడి రోజూ వాడుతున్నాను. మొదటి మడత చాకు ఏది కొనాలని ఎవరు అడిగినా ఇదే చెప్తాను. కాకపోతే ఏ స్టీలు తీసుకోవాలన్నది మన ఊరి గాలినీ మన తిండినీ చూసి తేల్చుకోవాలి. చలిదేశాల వాళ్ళు ఇచ్చే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

ముందు వస్తువు గురించి కొంచెం. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల కింద సవోయి అనే ప్రాంతం ఉంది. అక్కడ గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే కొలిమి ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఈ చాకు చేశాడు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా నంబర్లు వేసి పన్నెండు సైజులు తీసుకొచ్చాడు. తెరిచిన బ్లేడు వేళ్ళ మీదికి మడుచుకోకుండా ఆపే తిరిగే ఉంగరం 1955లో వచ్చింది. దాన్ని విరోబ్లాక్ అంటారు. మూసినప్పుడు కూడా బిగించుకునే వీలు 2000లో కలిపారు. ఇంతకు మించి పెద్ద మార్పు లేదు. బ్లేడు, బీచ్ చెక్క పిడి, ఒక రివెట్టు, ఒక కదలని పట్టీ, ఒక తిరిగే ఉంగరం, అంతే చాకు. స్ప్రింగు లేదు, బేరింగు లేదు, బటన్ లేదు. పాడవడానికి ఇందులో ఏముందని వెతికితే పెద్దగా ఏమీ కనపడదు, నాకు ఇందులో నచ్చింది అదే. నంబర్ 8 బ్లేడు 8.5 సెంటీమీటర్లు, పిడి 11 సెంటీమీటర్లు. షర్టు జేబులో వేసుకున్నా బరువు తెలియదు.

నాది కార్బన్ స్టీలు. మా అక్క వంటింట్లో ఉన్నది స్టెయిన్‌లెస్, బ్లేడు మీద ఇనాక్స్ అని ముద్ర ఉంటుంది. రెండూ నా చేతిలో బాగా నలిగినవే కాబట్టి తేడా చెప్పగలను.

మల్కాజిగిరిలో మాకు చిన్న మిద్దె తోట ఉంది. వంకాయలు తొడిమ దగ్గర కొయ్యడం, మల్లె కొమ్మలు కత్తిరించడం, తీగలకు కట్టిన పురికొస తెంపడం, ఎరువు బస్తా మూతి చీల్చడం నా చాకుకి రోజువారీ పని. కిందికి దిగాక కొరియర్ డబ్బాలు, సాయంత్రం నాన్నకి బత్తాయి. బ్లేడు పల్చగా ఉంటుంది, వీపు దగ్గర కూడా రెండు మిల్లీమీటర్లు ఉండదు. అందుకే పండులో దిగితే చీల్చినట్టు కాకుండా కోసినట్టు ఉంటుంది. మందపాటి బ్లేడున్న ఖరీదైన చాకుతో జామకాయ కోసి చూడండి, సగంలో పటుక్కున విరిగి రెండు చెక్కలవుతుంది. దీనితో గింజల మీదుగా కూడా నున్నగా కోత పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఒపినెల్‌ని ఇష్టపడేవాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

ఇక తుప్పు సంగతి. కొత్తలో ఒకసారి పప్పులోకి పచ్చి మామిడికాయ తరిగాను. కాయ సగమయ్యేసరికి మెరిసే బ్లేడు మీద బూడిదరంగు పొర వచ్చింది. చివరి ముక్కకి అంచు దగ్గర నీలం, ఊదా కలిసిన చారలు కనపడ్డాయి, ముక్కల అంచున సన్నటి నల్లగీత. బ్లేడు తుడిచినా రంగు పోలేదు. అమ్మ చూసి, "కత్తిపీట నల్లబడితే ఎవరన్నా పారేస్తార్రా? వాడుతున్నట్టు గుర్తు అది" అంది. ఆమె చెప్పింది సరైన మాట. మామిడిలోని పులుపు, కాయల్లో ఉండే వగరు ఇనుముతో కలిస్తే వచ్చే నలుపు అది. కలంకారీ బట్ట మీద నల్లరంగు కూడా ఇలాగే పుడుతుంది. కరక్కాయ నీళ్ళలో ముంచిన బట్ట మీద, బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన కసిం పడగానే నల్లగా తేలుతుంది. ఉసిరికాయ కోస్తే మరీ ఎక్కువ, ముక్కలే నల్లబడతాయి.

ఈ నల్లపొర మంచిదే. ఒకసారి బ్లేడంతా పట్టాక ఎర్ర తుప్పు త్వరగా రాదు. అయితే అసలు రాదనుకోవద్దు. నిమ్మకాయ కోసి గట్టు మీద పడేసి ఫోన్ మాట్లాడి వస్తే ఎర్రచుక్కలు కనపడతాయి. కోసిన వెంటనే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచే అలవాటు ఉన్నవాళ్ళకే కార్బన్. నాకు ఆ అలవాటు ఇష్టం, అందుకే నాది కార్బన్. కానీ మొదటి వారాల్లో పుల్లటి పండు కోస్తే ముక్కకి ఇనుప రుచి తగులుతుంది. ఇంట్లో పిల్లలు ఆ ముక్క పక్కన పెట్టేస్తారు. మన వంట చూడండి: చింతకాయ, మామిడికాయ, నిమ్మకాయ, ఉసిరికాయ, టమాటా. చీజు, రొట్టె, ఎండు మాంసం కోసుకునే వాళ్ళు కార్బన్ బ్లేడుని మెచ్చుకున్నారంటే వాళ్ళ భోజనాల బల్ల మీద ఇంత పులుపు లేదు కాబట్టి.

అక్క దగ్గరున్న ఇనాక్స్ బ్లేడు స్వీడన్‌కి చెందిన శాండ్విక్ 12సి27 రకం స్టీలు. క్రోమియం 13 శాతానికి పైనే ఉంటుంది కాబట్టి పైన కంటికి కనపడని పొర ఏర్పడి తుప్పుని ఆపుతుంది. ఆమె దాంతో రోజూ టమాటాలు, నిమ్మకాయలు కోసి, సింకు పక్కన పెట్టి తన పని తాను చూసుకుంటుంది. బ్లేడు ఇప్పటికీ తెల్లగానే ఉంది. "స్టెయిన్‌లెస్‌కి పదును నిలవదు" అని కార్బన్ అభిమానులు గట్టిగా వాదిస్తారు. నా చేతికి ఆ తేడా అంతగా తెలియలేదు. తేడా తెలిసేది సాన రాయి మీద. కార్బన్ పది పన్నెండు గీతల్లో దారికొస్తుంది. ఇనాక్స్‌కి కాసేపు ఎక్కువ ఓపిక కావాలి, అంచున లేచే సన్నటి ముళ్ళు ఒక పట్టాన ఊడవు.

పదును గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది. మొదటి చాకుతో పాటు రాయి కూడా కొనండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న రాయి దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు. నీళ్ళు చల్లి, బ్లేడుని రాయి మీద సుమారు 20 డిగ్రీలు లేపి పట్టి, రాయి మీద నుంచి పల్చటి పొర లేపుతున్నట్టు ముందుకు తొయ్యాలి. ఒకవైపు తోస్తుంటే కాసేపటికి రెండోవైపు అంచున బొటనవేలికి చిన్న గరుకు తగులుతుంది. అది మొన దాకా తగిలితేనే వైపు మార్చాలి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగుసార్లు లాగితే న్యూస్‌పేపర్ నిలువునా తెగుతుంది. వీధిలోకి సైకిల్ మీద సాన చక్రంతో వచ్చే అతనికి మాత్రం ఈ చాకు ఇవ్వకండి. ఆయన పనికి వంక పెట్టడం లేదు, ఇంటి కత్తులకి ఆ చక్రం సరిపోతుంది. ఇంత పల్చటి బ్లేడు చక్రం మీద నిప్పురవ్వలు లేచేంత వేడెక్కితే స్టీలు మెత్తబడుతుంది, పైగా ఒక్కసారికే చాలా అరిగిపోతుంది.

రెండో పెద్ద ఫిర్యాదు చెక్క. ఇది మన ఊళ్ళో స్పష్టంగా కనపడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో పిడి ఎండి, బ్లేడు వేలు తగిలితే చాలు జారినట్టు తెరుచుకుంటుంది. మృగశిర దాటి వానలు పట్టుకున్నాక అదే చాకు, బ్లేడు మీదున్న గీతలో గోరు పెట్టి లాగినా కదలదు. బీచ్ చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, బ్లేడు కూర్చునే సన్నటి గాడి రెండువైపుల నుంచీ దాన్ని పట్టేస్తుంది. చెక్క స్వభావమే అంత. గోరు విరగ్గొట్టుకోనక్కర్లేదు, సవోయి వాళ్ళు ఎప్పటినుంచో చేసే చిట్కా ఒకటుంది. ఉంగరం తిప్పి గాడి తెరిచి, పిడి చివర ఉన్న ఏటవాలు మూలని గట్టు మీద టక్కున కొడితే బ్లేడు మొన కొంచెం పైకి లేస్తుంది. ఆ మొన వెనకవైపు పట్టుకుని లాగొచ్చు. వేళ్ళు అంచు వైపు ఉండకూడదు, అంతే జాగ్రత్త.

అసలు బిగుసుకోకుండా ఉండాలంటే పిడికి నీళ్ళు తగలనివ్వొద్దు. కుళాయి కింద పట్టి కడగొద్దు, బ్లేడు మాత్రం తుడవండి. తడిస్తే తెరిచి ఫ్యాన్ కింద పెట్టండి, మూసి డ్రాయర్‌లో పడేస్తే లోపలి తేమ పోదు. నేను వానలకి ముందు పిడికి, గాడి లోపలికి అవిసె నూనె పట్టించి ఆరనిస్తాను. అది ఆరి గట్టిపడే నూనె, చెక్కలోకి నీళ్ళు దూరడాన్ని తగ్గిస్తుంది. నువ్వుల నూనె సగం ఆరి జిగురు కడుతుంది, వద్దు. కొబ్బరినూనె బ్లేడుకి బాగుంటుంది, తిండి కోసేదే కాబట్టి భయం లేదు. కానీ అది 24 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది. డిసెంబరు పొద్దున రివెట్టు దగ్గర తెల్లగా పేరుకుని బ్లేడు బరువుగా కదులుతుంది. అందుకే రివెట్టుకి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తాను, అది బ్లేడు మీదికి పాకితే తుడిచేస్తాను. ఇన్ని చేసినా ఆగస్టులో కొంత బిగువు ఉంటుంది. గరుకు కాగితాన్ని మడిచి గాడి లోపల నాలుగుసార్లు ఆడిస్తే అది కూడా తగ్గుతుంది, కానీ ఎక్కువ రుద్దితే ఎండాకాలంలో బ్లేడు ఊగుతుంది. ఒక్క వానాకాలం చూశాకే రుద్దండి.

ఒంటి చేత్తో తెరుచుకోదన్న ఫిర్యాదుతో మాత్రం నాకు పేచీ ఉంది. బెంచ్‌మేడ్, స్పైడర్కో లాంటి కంపెనీల చాకులు బొటనవేలితో క్షణంలో తెరుచుకుంటాయి, వాటి పనితనం గొప్పదే, ధర కూడా చాలా రెట్లు ఎక్కువ. తాడు ఒక చేత్తో పట్టుకుని నిచ్చెన మీద నిలబడే వాళ్ళకి అది అవసరం. ఇంట్లో, తోటలో, ప్రయాణంలో పండు కోసుకునేవాడికి రెండు చేతులతో నింపాదిగా తెరవడమే మేలు. పైగా పదిమందిలో ఒక చాకు చటుక్కున తెరుచుకుంటే మన దగ్గర అందరూ బెదురుతారు. బటన్ నొక్కితే లేచే రాంపురీ చాకు జనం మనసులో ఉంది. చెక్క పిడి ఒపినెల్‌ని రైల్లో తీసి యాపిల్ కోస్తే పక్కన కూర్చున్న పెద్దాయన ఒక ముక్క తీసుకుని, "ఎక్కడ కొన్నావు బాబూ" అని అడుగుతాడు. స్విస్ విక్టోరినాక్స్ ఎర్ర చాకు కూడా ఇలాగే ఎవర్నీ భయపెట్టదు, కత్తెర, ఓపెనర్ లాంటివి అదనం. కానీ అందులో బాగా అమ్ముడయ్యే 91 మిల్లీమీటర్ల చాకులకి బ్లేడుని బిగించే లాక్ ఉండదు. ఒపినెల్‌కి ఉంగరం ఉంది, కానీ అది తనంతట తాను బిగుసుకోదు. తెరిచిన వెంటనే తిప్పాలి. మొదటి రోజు నుంచే ఆ అలవాటు చేసుకోకపోతే లాక్ ఉన్నా లేనట్టే.

చట్టం గురించి కొత్తవాళ్ళు తప్పకుండా అడుగుతారు. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుల ప్రస్తావన ఉంది. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు కూడా ఉంది. నంబర్ 8 బ్లేడు మూడున్నర అంగుళాలు కూడా లేదు. అలాగని ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చని కాదు. మెట్రో స్టేషన్లో బ్యాగు స్కానర్‌లో పెట్టాలి, చాకు కనపడితే లోపలికి పంపరు. విమానంలో చేతిసంచిలో కుదరదు, చెక్-ఇన్ లగేజీలో పెట్టాల్సిందే. ఎన్నికలప్పుడు, నిమజ్జనం లాంటి పెద్ద ఊరేగింపులప్పుడు పోలీసు ఆంక్షలు ఉంటాయి, అలాంటి రోజుల్లో ఇంట్లో ఉంచండి. ఆత్మరక్షణ కోసం కొనాలనుకునే వాళ్ళు దయచేసి ఇది కొనకండి, ఏ చాకూ కొనకండి. గొడవలో చాకు తీసినవాడి పరిస్థితి మెరుగవ్వదు.

పిల్లలకి ఇవ్వాలనుకుంటే నంబర్ 7లో మొన గుండ్రంగా ఉన్న రకం వేరేగా చేస్తారు. పెద్దవాళ్ళకి మొదటిది నంబర్ 8. చేయి చిన్నదైతే నంబర్ 7 చాలు, 9 నుంచి పైవి జేబులో ఇబ్బందే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోలో బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి ముద్ర ఉందో లేదో చూడండి, ఇనాక్స్ అని ఉందో కార్బోన్ అని ఉందో చదవండి. వివరాల్లో ఒకటి రాసి ఫొటోలో ఇంకొకటి పెట్టే అమ్మకందారులు ఉన్నారు, అనుమానం వస్తే మెసేజ్ పెట్టి అడగండి.

వంటింట్లో నలుగురూ వాడతారంటే ఇనాక్స్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. చాకు మీ ఒక్కరిదే, తుడిచి పెట్టే ఓపిక ఉంది, బ్లేడు రంగు మారుతుంటే చూడటం ఇష్టం అంటే కార్బన్. అది తీసుకున్నవాళ్ళు మొదటి వారం రెండు పచ్చి మామిడికాయలు కోసి, ఆ ముక్కలు పారేసి, బ్లేడు బాగా నల్లబడ్డాకే తినేవి కొయ్యండి. కొనడానికి మంచి సమయం మార్చి, ఏప్రిల్. అప్పుడు మామిడికాయలూ దొరుకుతాయి, వానలు వచ్చేలోగా పిడికి నూనె పట్టించి ఆరబెట్టే వ్యవధీ ఉంటుంది.