2008 బిగ్ 12 సౌత్ ముడి: ఓక్లహోమా, టెక్సాస్, టెక్సాస్ టెక్‌లలో ఎవరు మేలు?

టెక్సాస్ ఓక్లహోమాను ఓడించింది. టెక్సాస్ టెక్ టెక్సాస్‌ను ఓడించింది. ఓక్లహోమా టెక్సాస్ టెక్‌ను చితక్కొట్టింది. 2008 నవంబర్ చివరికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బిగ్ 12 కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల లీగ్) సౌత్ డివిజన్ లెక్క ఇలా తేలకుండా మిగిలింది. సీజన్ మొత్తంలో మూడు జట్లకూ 11 గెలుపులు, ఒక్కో ఓటమి. కాన్ఫరెన్స్ మ్యాచులు మాత్రమే చూసినా ముగ్గురిదీ 7-1. ఫైనల్‌కు వెళ్లేది మాత్రం ఒక్కరే. వెళ్లింది ఓక్లహోమా. ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లోనో, లబ్బాక్‌లో టెక్‌లోనో ఎమ్మెస్ చేసి ఆ ఊళ్ల అభిమానం అంటించుకున్న మనవాళ్లు ఉంటే, వాళ్ల ముందు ఈ మాట ఎత్తేముందు కాస్త ఆలోచించుకోండి.

ఈ ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అప్పట్లో బిగ్ 12లో పన్నెండు యూనివర్సిటీలు. నార్త్‌లో ఆరు, సౌత్‌లో ఆరు. ఒక్కో జట్టు సొంత డివిజన్‌లోని ఐదుగురితో, అవతలి డివిజన్‌లోని ముగ్గురితో ఆడేది. రెండు డివిజన్ల విజేతలు డిసెంబర్‌లో కాన్ఫరెన్స్ టైటిల్ కోసం తలపడేవారు. జాతీయ స్థాయిలో అప్పటికి ప్లేఆఫ్‌లు ఇంకా రాలేదు. బీసీఎస్ అనే ర్యాంకుల పట్టికలో చివరికి మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్లే జాతీయ ఫైనల్ ఆడేవి. కాబట్టి ఆ ఏడాది సౌత్ డివిజన్ గెలవడమంటే జాతీయ ఫైనల్‌కు సగం దారి నడిచేసినట్టే.

ముందు టెక్ సంగతి చూసేద్దాం. ముగ్గురిలో తేలిగ్గా పక్కకు పోయేది అదే, అయినా ఆ సీజన్‌లో అందరికీ గుర్తుండిపోయిన క్షణం వాళ్లదే. కోచ్ మైక్ లీచ్ లా డిగ్రీ ఉన్న మనిషి, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. ‘ఎయిర్ రెయిడ్’ అనే పద్ధతిలో బంతి పట్టుకుని పరుగెత్తడం తగ్గించి, విసరడమే పనిగా పెట్టుకున్న జట్టు ఆయనది. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్ గ్రాహమ్ హారెల్, పట్టేవాడు మైకేల్ క్రాబ్‌ట్రీ.

నవంబర్ 1 రాత్రి లబ్బాక్‌కు నంబర్ వన్ ర్యాంకుతో టెక్సాస్ వచ్చింది. ఆట మొదటి నుంచీ టెక్‌దే పైచేయి, హాఫ్‌టైమ్‌కి 22-6. చివర్లో టెక్సాస్ పుంజుకుని, ఇంకా 1 నిమిషం 29 సెకన్లు ఉందనగా 33-32తో ముందుకొచ్చింది. అక్కడి నుంచి హారెల్ బంతి వెనక బంతి విసురుతూ జట్టును ముందుకు జరిపాడు. ఒక బంతి సొంత ఆటగాడి చేతులకు తగిలి పైకి లేచి, టెక్సాస్ సేఫ్టీ (వెనక కాపలా కాసే ఆటగాడు) బ్లేక్ గిడియన్ మీదకు వచ్చింది. చేతుల్లో పడ్డట్టే పడి జారిపోయింది. మిగిలినవి 8 సెకన్లు. మరుసటి బంతి కుడి అంచున ఉన్న క్రాబ్‌ట్రీకి. అతను బంతి అందుకున్నాడు, పట్టుకోబోయిన డిఫెండర్‌ను విదిలించుకున్నాడు, పక్క గీత దాటకుండా కాళ్లు నిలదొక్కుకుని మైదానం చివరనుండే ఎండ్ జోన్‌లోకి దూరాడు. 28 గజాల టచ్‌డౌన్. గడియారంలో 1 సెకను. జనం మైదానంలోకి దూకేశారు, వాళ్లను బయటికి పంపి ఆట ముగించాల్సి వచ్చింది. 39-33.

గిడియన్ ఆ బంతి పట్టి ఉంటే ముడీ లేదు, ఈ పోలికా లేదు. టెక్సాస్‌కు ఓటమే ఉండేది కాదు.

ఇక టెక్ లోపాలు. కాన్ఫరెన్స్ బయట వాళ్లు పెట్టుకున్న మ్యాచులు ఈస్టర్న్ వాషింగ్టన్, నెవాడా, ఎస్‌ఎమ్‌యూ, మసాచుసెట్స్‌తో. నలుగురిలో ఇద్దరు కింది శ్రేణివాళ్లే. పైగా నవంబర్ 22న 10-0 రికార్డుతో, రెండో ర్యాంకుతో ఓక్లహోమా సొంతూరు నార్మన్ వెళ్లి వాళ్ల చేతిలో 65-21తో చిత్తయ్యారు. హాఫ్‌టైమ్‌కే 42-7. వారం తర్వాత సొంతగడ్డ మీద బేలర్‌ను 35-28తో గట్టెక్కారు. ఓటమిని ఓటమిగా మాత్రమే లెక్కేయాలనే వాదన నాకు నచ్చుతుంది కానీ, 44 పాయింట్ల తేడా కళ్లెదుట ఉంటే దాన్ని చూడనట్టు నటించడం కష్టం. ముడి విప్పడానికి గ్రాడ్యుయేషన్ రేట్లు చూస్తే సరిపోతుందని లీచ్ చమత్కరించాడు. ఆ లెక్కలో టెక్‌దే పైమెట్టు మరి.

ఓక్లహోమా కేసు ఇంత తేలిక కాదు. నిజం చెప్పాలంటే నవంబర్‌లో దేశంలో అంతకంటే భయపెట్టే దాడి ఇంకో జట్టుకు లేదు. నెబ్రాస్కా మీద 62, టెక్సాస్ ఎ అండ్ ఎమ్ మీద 66, టెక్ మీద 65, ఓక్లహోమా స్టేట్ మీద 61, ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్‌లో మిజోరీ మీద 62. వరుసగా ఐదు మ్యాచుల్లో 60 దాటారు. సీజన్ మొత్తంలో 14 మ్యాచులకు 716 పాయింట్లు, ఆధునిక కాలంలో అప్పటికి రికార్డు. క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ 50 టచ్‌డౌన్ పాసులు విసిరి, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ పట్టుకుపోయాడు.

కాన్ఫరెన్స్ బయట కూడా ఓక్లహోమా రెండు దమ్మున్న జట్లతో ఆడింది. ఆ ఏడాది బిగ్ ఈస్ట్ ఛాంపియన్ అయిన సిన్సినాటీని 52-26తో, సీజన్‌ను 11-2తో ముగించిన టీసీయూని 35-10తో ఓడించింది. టెక్సాస్ వైపు అర్కాన్సా, రైస్, యూటెప్, ఫ్లోరిడా అట్లాంటిక్ ఉన్నాయి. ఇక్కడ మొగ్గు ఓక్లహోమాదే, వాదనే లేదు. వాళ్ల అభిమానులు ఇంకోటి కూడా చెప్తారు: టెక్సాస్‌తో మ్యాచులోనే డిఫెన్స్ నడుమ నిలబడే మిడిల్ లైన్‌బ్యాకర్ రయన్ రెనాల్డ్స్ మోకాలు దెబ్బతిని బయటికి వెళ్లాడని, ఆ తర్వాతే డిఫెన్స్ చెల్లాచెదురైందని. దెబ్బలు అందరికీ తగులుతాయి. అది సాకుగా నిలబడదు.

టెక్సాస్ దగ్గరకు వద్దాం. అక్టోబర్ 11, డాలస్, కాటన్ బౌల్ స్టేడియం. టెక్సాస్ స్టేట్ ఫెయిర్ జరిగే మైదానాల మధ్యలోనే ఈ స్టేడియం. బయట జయింట్ వీల్, నూనెలో వేగే కార్న్ డాగ్‌ల వాసన. లోపల యాభై గజాల గీత దగ్గర స్టేడియాన్ని సరిగ్గా చెరిసగం చేసినట్టు ఒకవైపు కాషాయం, ఇంకోవైపు ముదురెరుపు. ఆస్టిన్‌కూ నార్మన్‌కూ దాదాపు సమాన దూరం. అక్కడికి నంబర్ వన్‌గా వచ్చిన ఓక్లహోమా 14-3తో ముందంజ వేసింది. వెంటనే జోర్డన్ షిప్లీ కిక్‌ను అందుకుని 96 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ 35 పాసుల్లో 28 చేరవేశాడు. చివరికి 45-35. టెక్సాస్ అభిమానులు ఆ నవంబర్ అంతా జపం చేసిన రెండంకెలు ఇవే.

ఆ మరుసటి వారాల్లో మిజోరీని 56-31తో, ఓక్లహోమా స్టేట్‌ను 28-24తో ఓడించి, ఆపైన లబ్బాక్ వెళ్లారు. ర్యాంకు ఉన్న నాలుగు జట్లతో నాలుగు వారాలు ఊపిరాడకుండా ఆడి, చివరిదాంట్లో ఆఖరి సెకనులో ఓడారు. మెకాయ్ ఆ సీజన్‌లో విసిరిన పాసుల్లో 76.7 శాతం చేరాల్సిన చోటికి చేరాయి, అది అప్పటికి జాతీయ రికార్డు.

ఈ మూడు మ్యాచులు ఎక్కడ జరిగాయో చూడండి. టెక్ తన ఊళ్లో టెక్సాస్‌ను గెలిచింది. ఓక్లహోమా తన ఊళ్లో టెక్‌ను గెలిచింది. సొంత ఊళ్లో కాకుండా గెలిచింది టెక్సాస్ ఒక్కటే.

ఇప్పుడు నిబంధన. బిగ్ 12లో ముగ్గురు సమానంగా నిలిస్తే ముందు వాళ్లలో వాళ్లు ఆడిన మ్యాచులు చూసేవారు, తర్వాత డివిజన్ రికార్డు, ఆపైన కింది జట్ల మీద ఫలితాలు, అలా వెళ్లేది. అన్నింట్లోనూ ముగ్గురూ సమానమే. చివరికి మిగిలిన మెట్టు: బీసీఎస్ పట్టికలో ఎవరు పైన ఉంటే వాళ్లు. ఆ పట్టికలో మూడో వంతు కోచ్‌ల ఓటు, మూడో వంతు హారిస్ పోల్ (మాజీ ఆటగాళ్లు, మాజీ కోచ్‌లు, మీడియావాళ్ల ఓటు), మూడో వంతు కంప్యూటర్ల సగటు. కంప్యూటర్లకు గెలుపు తేడా చూపించకూడదని నిబంధన, కాబట్టి ఓక్లహోమా అరవైలు అక్కడ పనికిరావు. పనికొచ్చింది మనుషుల ఓట్ల దగ్గర.

నవంబర్ 23 పట్టికలో టెక్సాస్ రెండు, ఓక్లహోమా మూడు. థాంక్స్‌గివింగ్ రోజున టెక్సాస్ ఆ ఏడాది నీరసంగా ఉన్న ఎ అండ్ ఎమ్‌ను 49-9తో ఓడించింది. రెండు రోజుల తర్వాత ఓక్లహోమా స్టిల్‌వాటర్ వెళ్లి మంచి ర్యాంకులో ఉన్న ఓక్లహోమా స్టేట్‌ను 61-41తో ఓడించింది. ఆదివారం పట్టిక వచ్చేసరికి స్థానాలు తారుమారు. తేడా 0.0128. హారిస్ పోల్‌లో టెక్సాస్ కాస్త ముందు, కోచ్‌ల పోల్‌లో ఓక్లహోమా ఒక్క పాయింటు ముందు, కంప్యూటర్లలో ఓక్లహోమా ముందు.

నా అభ్యంతరం ఇక్కడే. ఆ ఓటర్లను దేశంలో పాతిక జట్లను వరసలో పెట్టమని అడిగారు. వాళ్లు పెట్టారు. నవంబర్‌లో ఎవరు బాగా ఆడుతున్నారో చూసి పెట్టారు, అది తప్పు కాదు. కానీ ఒక కాన్ఫరెన్స్ తన డివిజన్ విజేతను తేల్చుకోలేక ఆ వరసను తెచ్చి వాడుకోవడం వేరే సంగతి. ముందు ఓడినవాడికి మరిచిపోయే టైమ్ దొరుకుతుంది, వెనక ఓడినవాడికి దొరకదు. ఓక్లహోమా అక్టోబర్ 11న, టెక్సాస్ నవంబర్ 1న, టెక్ నవంబర్ 22న ఓడారు. చివరికి పట్టికలో వాళ్ల వరస కూడా అదే.

అయితే ‘45-35’ అని అరిచే టెక్సాస్ వాదన కూడా అలాగే మింగలేం. టెక్ వాళ్లు ‘39-33’ అంటే నోరు మూతపడుతుంది కదా. ముఖాముఖి గెలుపు పనికిరావాలంటే ముందు ముగ్గురిని ఇద్దరు చేయాలి. అప్పట్లో ఇంకో లీగ్ అయిన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ నిబంధన సరిగ్గా ఆ పనే చేసేది: ముగ్గురు సమానమైతే పట్టికలో అందరికంటే కింద ఉన్నవాళ్లను తీసేసి, మిగతా ఇద్దరూ దగ్గర దగ్గర ర్యాంకుల్లో ఉంటే వాళ్ల మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూసేది. ఆ లెక్కన టెక్ బయటికి, టెక్సాస్ లోపలికి.

క్రికెట్ చూసే మనకు వెంటనే తట్టేది నెట్ రన్ రేట్. సరే, పాయింట్ల తేడా తీద్దాం. ముగ్గురి మధ్య మ్యాచుల్లో ఓక్లహోమాకు ప్లస్ 34, టెక్సాస్‌కు ప్లస్ 4, టెక్‌కు మైనస్ 38. అలా చూసినా ఓక్లహోమాయే. మరి ఆ పద్ధతి మేలు కాదా? నాకైతే కాదు. ఆ ప్లస్ 34 మొత్తం నార్మన్‌లో ఒక్క రాత్రి వచ్చింది. టెక్ చేతులెత్తేసిన తీరుకు టెక్సాస్‌ను శిక్షించడం ఏం న్యాయం?

టెక్సాస్‌ను మరీ అమాయకురాలిగా చూడనక్కర్లేదు, అదీ చెప్పాలి. 2004లో ఇదే కోచ్ మాక్ బ్రౌన్ టీవీ ముందు ఓటర్లను బహిరంగంగా అడిగి రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచులో బెర్త్ సంపాదించుకున్నాడు, కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టు బయటే ఉండిపోయింది. ఓట్ల ఆట వాళ్లకు తెలియనిది కాదు.

డిసెంబర్ 6న కాన్సస్ సిటీలో కాన్ఫరెన్స్ ఫైనల్: ఓక్లహోమా, మిజోరీ. మిజోరీ 5-3తో నార్త్ గెలిచి వచ్చింది. ఈ ఇద్దరినీ అక్టోబర్‌లో వారం తేడాలో ఓడించిన టెక్సాస్ ఇంట్లో కూర్చుని చూసింది. నిబంధన బాగుందని వాదించేవాళ్లు ఈ ఒక్కదానికి జవాబు చెప్తే చాలు.

సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచుల ఫలితాలతో వెనక్కి వెళ్లి తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కానీ చదివేవాళ్లు అడుగుతారు. టెక్ కాటన్ బౌల్ మ్యాచులో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) చేతిలో 47-34తో ఓడింది. టెక్సాస్ ఫియెస్టా బౌల్‌లో ఒహాయో స్టేట్‌ను ఇంకా 16 సెకన్లు ఉందనగా క్వాన్ కాస్బీ చేసిన టచ్‌డౌన్‌తో 24-21తో గెలిచింది. ఓక్లహోమా మయామీలో జాతీయ ఫైనల్ ఆడి ఫ్లోరిడా చేతిలో 24-14తో ఓడింది. మొదటి సగంలో రెండుసార్లు గోల్ గీత అంచుదాకా వెళ్లి ఒక్క పాయింటూ లేకుండా వెనక్కి వచ్చారు. సగటున 51 కొట్టిన జట్టుకు దక్కింది 14. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) తుది ర్యాంకుల్లో టెక్సాస్ 4, ఓక్లహోమా 5, టెక్ 12.

నవంబర్ 30న ఏ జట్టు అందరికంటే బాగా ఆడుతోందని అడిగితే ఓక్లహోమా అంటాను, తటపటాయించకుండా. సౌత్ డివిజన్ ఎవరిదని అడిగితే టెక్సాస్‌ది. ఓక్లహోమా స్థానంలో మయామీకి టెక్సాస్ వెళ్తే ఫ్లోరిడాను, దాని క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబోను ఓడించి ఉండేదా అంటే, అంత నమ్మకం నాకు లేదు. ఆ డిఫెన్స్ మీద మెకాయ్ 20 దాటించి ఉండేవాడు, అంతవరకే పందెం కాస్తాను.